క్వారీ మెట్ల మీద పిల్లప్ప

"ముందర పొయ్యే అన్నయ్యా, ముల్లు ఏరి పొయ్యే అన్నయ్యా...
యెనకొచ్చే చెల్లెలి కాళ్ళకు..."

ఆ పైన ఏముందో మునివెంకటమ్మకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు మేకల వెంబడి పోతా పాడిన పాట. సంగటి కెలుకుతా ఆ రెండు వరసలే మళ్ళీ మళ్ళీ పాడుకుంటా ఉంది.

బర్గూరు పక్కన, పని నిలిచిపోయిన గ్రానైట్ క్వారీ అంచున ఒక రేకుల షెడ్డు. మిలిటరీలో చేరాలనుకునే పదకొండు మందికి ఆడ శిక్షణ. ఆ క్యాంపు పెట్టింది ఆమె కొడుకు, రిటైరైన హవల్దారు పిల్లప్ప. పోయినేడు గుండె ఆగి చనిపోయినాడు. ఇప్పుడు నడిపేది ఆయన కింద పనిచేసిన పురుషోత్తం. వంట మునివెంకటమ్మది. పిల్లప్ప కూతురు భూమిక కూడా ఆ పదకొండు మందిలోనే ఉంది.

ఆ సాయంత్రం మబ్బు కమ్మింది. రాళ్ళు మాత్రం ఇంకా సెగ కక్కుతానే ఉన్నాయి. మధ్యాహ్నం పరుగులో చిత్ర అనే పిల్ల సొమ్మసిల్లి పడితే, పురుషోత్తంను అడక్కుండా ఆయన బాటిల్ తీసి భూమిక నీళ్ళు తాగించింది. దానికి పురుషోత్తం ఆమెకు శిక్ష వేసినాడు. ఇసుక మూట భుజానెత్తుకొని క్వారీ మెట్లు ఎక్కి దిగాల, విజిల్ వేసేదాకా. గంటన్నరైంది. విజిల్ ఆయన మెడలోనే ఊగుతా ఉంది.

ఆయన కుర్చీలో కూర్చొని అన్నం తినే తట్ట చాపినాడు. "పెట్టమ్మా."

"పిల్లలు తినలేదు కదప్పా. ఆ బిడ్డ చచ్చిపోతుంది, పిలువు."

"డిసిప్లిన్ అమ్మా. నీకు తెలీదు."

"నువ్వెన్ని సార్లు ఎక్కినావు ఈ పొద్దు?"

"నేను ఎక్కేదానికి వచ్చినానా? ఎక్కించేదానికి వచ్చినాను."

"నా కొడుకు ఎవరికి మూట ఎత్తించినా, తానూ ఒకటి ఎత్తుకొని ముందర పొయ్యేవాడు."

"అందుకే తొందరగా పోయినాడు."

ఆమె తెడ్డు కింద పెట్టింది. జన్మలో ఎవరినీ కసురుకోని మనిషి. ఇప్పుడు మాత్రం కోపం ఆగలేదు. సంగటి కుండ మీద మూత వేసి, క్వారీ అంచుకు నడిచింది.

కింద గుంతలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. రాతిదుమ్ము వాసన. మెట్ల మీద భూమిక అడుగులు ఈడ్చుకుంటా వస్తున్నాయి. వాటికి ముందర... ఇంకెవరివో అడుగుల చప్పుడు.

బూట్లవి. బరువైనవి.

మనిషి లేడు.

భూమిక పై మెట్టుకు చేరింది. పెదవులు తెల్లగా పాలిపోయినాయి.

"అవ్వా..." అని గుసగుసగా అంది. "నాయన ముందర పోతుండాడు. నేను నిలిస్తే నిలుస్తాడు. వెనక్కి తిరగడు."

"మొహం చూసినావా?"

"లేదు. కోపంగా ఉండాడు."

"ఎట్ల తెలుసు?"

"కాలు పెడితే రాయి అదురుతోంది అవ్వా."

భూమిక భుజం మీద మూట లేచింది. దానంతట అదే. గాలిలో ఊగుతా షెడ్డు వైపు కదిలింది. బూట్ల చప్పుళ్ళు... ఒకటి... ఇంకొకటి... కుర్చీ ముందర ఆగినాయి.

మూట దబ్బున పడింది. తట్ట ఎగిరిపోయింది.

పురుషోత్తం లేచినాడు. విజిల్ నోట పెట్టుకొని ఊదినాడు. శబ్దం రాలేదు. బుగ్గలు ఉబ్బినాయి, కళ్ళు ఉబ్బినాయి. శబ్దం మాత్రం రాలేదు. వంగి మూట ఎత్తుకొని మెట్లు దిగినాడు. ఆయన ముందర బూట్ల చప్పుడు దిగింది.

మునివెంకటమ్మ భూమికకు నీళ్ళు తాగించి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పిల్ల ఊపిరి కుదుటపడింది. పదకొండు మందికీ సంగటి పెట్టింది. అందరూ తిన్నారు. వాన వచ్చి నిలిచింది. బూట్ల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. పురుషోత్తం మాత్రం ఆగలేదు.

ఆమెకు కోపం పోలేదు. అయినా ఆకలి చూడలేని మనిషి. మిగిలిన ముద్ద తట్టలో పెట్టుకొని మెట్ల కాడికి పోయింది.

ఆయన ఎక్కి వచ్చినాడు. తట్ట తీసుకోలేదు. ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు ఒదిగి, ఖాళీ మెట్ల వైపు చూసినాడు. తిరిగి దిగిపొయ్యే ముందు ఆమెతో ఆయన అన్న ఆఖరి మాట ఇదే.

"నాకు వద్దమ్మా. ముందు ఆ పిల్లలు తిననీ. ఇంకా మూటలెత్తుకొని ఎక్కి వస్తానే ఉండారు."