తుడిచేసిన చుక్క

బేకరీ యజమానురాలు డిటెక్టివ్ ఆఫీసులోకి హడావిడిగా వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మా పిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారండీ. ఒకరోజు బ్రెడ్ చక్కగా పొంగుతుంది, మర్నాడు ఇటుకే! ఇలాగైతే షాపు మూసుకోవడమే."

ఆ డిటెక్టివ్ ఒకప్పుడు సైన్సు పాఠాలు చెప్పేది. అందుకే అందరికీ ఆమె టీచరమ్మే. సహాయకుడు చిన్నా ఆమెకు సొంత అక్క కొడుకు. పిన్ని మాటంటే వాడికి వేదం.

తండ్రి పోయాక బేకరీ యజమానురాలికీ, ఆమె తమ్ముడికీ వచ్చింది. ఎవరికీ ఇంకా చేయి తిరగలేదు. పిండి కలపడం వంతులవారీగా ఒకరోజు తమ్ముడిది, ఒకరోజు వాళ్లు బాబాయి అని పిలిచే పనివాడు పెద్దాయనది. పెద్దాయన మిల్లులో బస్తాలు మోసి మోసి ఈ మధ్యే ఈ పనిలో చేరాడు. టీచరమ్మ, చిన్నా బేకరీకి వెళ్లిన పొద్దున ఆయన వంతు. పిండిని పొంగించే ఈస్ట్ వేసిన గిన్నెలో యజమానురాలే పొగలు కక్కే నీళ్లు పోసింది.

"చన్నీళ్లతో కలిపితే బాబాయి వేళ్లు కొంకర్లు పోతాయండీ."

"నాకు మాత్రం కుళాయే గతి," అన్నాడు పొయ్యి దగ్గరున్న తమ్ముడు, మూతి ముడిచి.

టీచరమ్మ చిన్నాకు గళ్ల కాగితం ఇచ్చింది. "అడుగున రోజులు, పక్కన బ్రెడ్ ఎత్తు. తమ్ముడి రోజుకు నీలం చుక్క, పెద్దాయన రోజుకు ఎరుపు. ముందు చుక్కలు పెట్టు, దొంగను తర్వాత పట్టుకుందాం," అని చెప్పి, వేరే కేసు మీద ఊరెళ్లింది.

చుక్కలు పెరిగేకొద్దీ చిన్నాకు ఒళ్లు పులకరించింది. నీలాలన్నీ పైన, ఎరుపులన్నీ కింద. ఒక్క ఎరుపు మాత్రం నీలాల మధ్య కూర్చుంది. కొలతలో పొరపాటై ఉంటుందనుకున్నాడు. అంత అందమైన గ్రాఫ్ పాడవడం ఇష్టంలేక దాన్ని రబ్బరుతో తుడిచేసి, కాగితం తీసుకెళ్లి యజమానురాలికి చూపించాడు.

బాబాయే ఏదో కలుపుతున్నాడనుకుని ఆమె ఏడ్చింది. రేపటినుంచి రావొద్దని పెద్దాయనతో చెప్పింది. ఆయన ఏప్రన్ విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి చిన్నా కడుపునిండా తిన్నాడు.

టీచరమ్మ తిరిగొచ్చి కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. "ఇక్కడేం తుడిచావు?"

"ఒక్కటే కదా పిన్నీ... పొరపాటేమోనని..."

"మళ్లీ కొలిచావా?"

"లేదు."

ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది వాడికి.

"సరే, ఆ రోజు షాపులో ఏం మారింది?"

వాడు గుర్తుచేసుకున్నాడు. "యజమానురాలు లేదు. పంటి డాక్టరు దగ్గరికెళ్లింది."

మర్నాడు టీచరమ్మ పెద్దాయనతో సహా అందర్నీ బేకరీలో కూర్చోబెట్టింది. రెండు గిన్నెలు. అదే పిండి, అదే ఈస్ట్, కలిపింది పెద్దాయనే. ఒకదానికి కుళాయి నీళ్లు, రెండోదానికి యజమానురాలు పోసేలాంటి పొగలు కక్కే నీళ్లు. "ఒక్క నీళ్లు తప్ప ఇంకేదీ మారకూడదు," అంటూ గుడ్డలు కప్పింది.

చాలాసేపటికి గుడ్డలు తీస్తే, ఒక ముద్ద గిన్నె అంచు దాటి పొంగింది. రెండోది పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఈస్ట్‌కు ప్రాణముంటుంది. అంత వేడి నీళ్లు పడితే చచ్చిపోతుంది. తమ్ముడికి కుళాయి నీళ్లే కాబట్టి బ్రెడ్ పొంగింది. మీరు లేని రోజు పెద్దాయనకూ కుళాయే, ఆయన బ్రెడ్డూ పొంగింది."

యజమానురాలి ముఖం పాలిపోయింది. "అంటే... చేసింది నేనేనా?"

"జాలిపడే చేశారు. ఎవరూ ఏమీ కలపలేదు."

"బాబాయ్, చేజేతులా నిన్ను వెళ్లగొట్టానే!" అని ఆమె చెంగుతో ముఖం కప్పుకుంది.

"ఆవిడ తప్పు కాదు," అన్నాడు చిన్నా. తలెత్తలేకపోయాడు. "ఆ పొంగిన రోజుకూ ఎరుపు చుక్క ఉండేది. నేనే తుడిచేశాను."

పెద్దాయన కాగితం వంక చూశాడు.

"ఆ రోజు బ్రెడ్డెంత బాగా వచ్చిందో ఇంటికెళ్లి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను బాబూ. దాన్నే తుడిచేశావా?"

చిన్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎరుపు పెన్సిలు తీసి, రబ్బరు మచ్చ మీద మళ్లీ చుక్క పెట్టాడు.

పెద్దాయన వంగి చూశాడు. "ఇంకాస్త పెద్దది పెట్టు," అన్నాడు.