రెండు దగ్గుల నూనె

అక్టోబరులో తొలి నూనె ఆడించే రోజు. పొద్దున్నే పొలిక్సేని వంటింట్లో రొట్టె ముక్కలు నిప్పుల మీద కాలుతున్నాయి. నలభై ఏళ్లుగా ఆ ఊరి ఆలివ్ మిల్లులో నూనె రుచి చూసి మంచిచెడ్డలు తేల్చేది ఆవిడే. ఏథెన్స్ ప్రయోగశాలలో పనిచేసే కూతురు ఆంథి ముందురోజే వచ్చింది. కాఫీ కలుపుదామని డబ్బా మూత తీస్తే పొడి మీద మూడు మాత్రల అట్టలు. ఒక్కటీ చింపలేదు.

"అమ్మా, ఇవేంటి?"

పొలిక్సేని రొట్టె తిరగేసింది. "కనపడ్డం లేదూ? మాత్రలు."

"రొమ్ములో వచ్చిన క్యాన్సర్ ఎముకలకి పాకకూడదని డాక్టరిచ్చినవి! నెల నుంచీ వేసుకోవట్లేదా?"

"నువ్వు చెప్పిందే చేస్తున్నా. రోజూ మూడు చెంచాల నూనె." దేవుడి పటం పక్కన అంటించిన పేపరు ముక్క చూపించింది. ఆంథి ఫొటో, కింద వార్త. పచ్చి ఆలివ్ చేదులోని పదార్థం క్యాన్సర్ కణాలను కదలనివ్వలేదట. "ఊరంతటికీ చదివి వినిపించా. కాయలు నల్లబడక ముందే కోయించా. నూనె సగం కూడా రాదని మిల్లులో మీ పెదనాన్న ఒకటే ఎకసెక్కాలు."

ఆంథి ఆ పేపరు ముక్క మీద వేలితో కొట్టింది. "కదలంది గాజు పళ్లెంలోనమ్మా! విడిగా తీసిన సారం, దిట్టంగా పోశాం. చెంచా నూనెతో ఒంట్లోకి అంత ఎక్కదు. మనుషుల్లో ఇంకా ఏమీ తేలలేదు. నూనె తాగు, ఎవరొద్దన్నారు? మాత్రలు మానమని నేనెప్పుడు చెప్పాను?"

"అరవకు."

"అరుస్తా! నా పేరు చూసి నువ్వు చచ్చిపోతే నేనేమైపోవాలి?"

పొలిక్సేని రొట్టె ముక్కలు నిప్పుల మీంచి తీసేసింది. "మొదటి నెల వేసుకున్నానే. నోరు చెక్కైపోయింది. మీ పెదనాన్న కిందటేటి నూనె తెచ్చి చూడమంటే నీళ్లు తాగినట్టుంది. బాగుందని అబద్ధమాడా. మాత్రలు మానేశాకే రుచి తిరిగొచ్చింది. రుచి తెలియకపోతే ఆ మిల్లులో నేనెవర్నే?"

ఆంథి కోపం ఎటో పోయింది. మిల్లు మూల పొయ్యి దగ్గర నాన్న కాల్చిన రొట్టె, దాని మీద అమ్మ పోసిన పచ్చటి ధార, గొంతు మండి తను దగ్గితే అందరూ నవ్విన నవ్వు గుర్తొచ్చాయి. ఆ దగ్గులు లెక్కపెట్టేది అమ్మే. గొంతు ఎంత మండితే నూనె అంత మేలని, ఒక దగ్గైతే అమ్మకానికి, రెండైతే ఇంటికి అనేది. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. అమ్మ కూడా లేని ఆ మిల్లును ఆంథి ఊహించుకోలేకపోయింది.

"డాక్టరుతో నేను మాట్లాడతా. రుచి సంగతి కూడా అడుగుతా. మాత్రలు మాత్రం వేసుకో అమ్మా," అని చేతులు పట్టుకుంది. పొలిక్సేని చేతులు విడిపించుకుని, మిల్లుకు తీసుకెళ్లే బుట్టలో రొట్టె ముక్కలు సర్దింది.

మధ్యాహ్నం మిల్లులో తొలి ధార పడింది. అందరూ చుట్టూ చేరారు. పొలిక్సేని గ్లాసు పట్టి, వాసన చూసి, అలాగే కూతురి చేతికిచ్చింది. జేబులోంచి మాత్ర తీసి నీళ్లతో మింగింది.

"నా నోరు మళ్లీ పోతుంది. ఈ ఏడాదికి నీ నోరు అరువియ్యి."

ఆంథి నూనె నోట్లో పోసుకుంది. కోసిన గడ్డి వాసన, చేదు, ఆ వెనక మంట. దగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ దగ్గింది.

"రెండు," అంది పొలిక్సేని మిల్లంతా వినేలా. "ఇంటికి."