మల్లన్న పేర విడిచిన గొర్రె

ఆస్ట్రేలియావాళ్ల పాట కథ నాకు మొదలు చెప్పింది కడప బాషా. అందుకే వాని పేరు అన్నిటికంటే ముందు రాస్తున్న. నా రాత వంకర. మాట వంకర కాదు.

ఈ అరబ్బు దేశంల, సహం అనే ఊరి బయట మా అర్బాబు తోట ఉన్నది. అర్బాబు అంటే మా యజమాని. సగం ఖర్జూర చెట్లు, సగం గొర్రెల కొట్టాలు. గొర్రెలు ఆస్ట్రేలియా నుంచి ఓడల వస్తయి. ఆ తోటల పనిచేసేటోళ్లల్ల అందరికంటే పాతోణ్ణి నేను, నర్సయ్య. మేత ఎంత, నీళ్లెంత, ఏ గొర్రె ఏ కొట్టంల ఉండాలె, అంతా నా మాట మీదనే నడుస్తది. బాషా లారీ డ్రైవరు. వానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కలతోని పెద్ద వకీలునని అనుకుంటడు.

ఓడ వచ్చినప్పుడల్లా గొర్రెలను చూడనీకి ఒక ఆస్ట్రేలియా డాక్టరు వచ్చేటోడు. ఎండకు ఎర్రగ కాలిన మెడ, మోకాళ్ల దాక లాగు. గొర్రె నోరు తెరిచి చూసుకుంట ఎప్పుడూ ఒకటే పాట గునిగేటోడు. ఒకనాడు చాయ్ తాగుకుంట బాషా నాకు ఆ పాట సంగతి చెప్పిండు.

"పెద్దాయనా, ఒగ దిమ్మరి ఉంటాడంట. మూట భుజానేసుకోని తిరుగుతా తిరుగుతా ఒక మడుగు కాడ కూచోని చాయ్ కాచుకుంటాంటాడు. గొర్రె నీళ్లకొస్తాది. దాన్ని పట్టి సంచిలో కుక్కుకుంటాడు. ఇంతలో గొర్రె ఆసామి గుర్రమెక్కి వస్తాడు. ఎనక పోలీసులు. వీళ్లకు చిక్కేదేందని వాడు మడుగులో దూకి చస్తాడు. ఇప్పటికీ ఆ పక్క పోతే వాని దెయ్యం పాడేది ఇనపడతాదంట."

"అయితే?"

"అయితే ఏంది! వాళ్ల దేశానికి అదే పాట. సర్కారు గీతం వేరే ఉండాదిలే. కానీ ఆటలప్పుడు మైదానమంతా దీన్నే పాడతారంట. యుద్ధానికి పోయిన సిపాయిలు పాడినారంట. బడి పిల్లోళ్లకు నోటికి వచ్చంట. డాక్టరు పాడేటప్పుడు చూడు, కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి."

నేను చాయ్ కింద పారబోసిన.

"గొర్రె దొంగను తలుచుకోని దేశమంత ఏడ్చుడా? దొరకలేదా ఇంకెవడు?"

"అది పేదోని పాట పెద్దాయనా. ఉన్నోనికి తల వంచలేదని."

"పేదోడైతే పని చేసుకోవాలె. మనం చేస్తలేమా? మనమీద ఎవడన్న పాట కట్టిండా?"

బాషా నవ్విండు. డాక్టరు కూడా ఏమర్థమైందో ఏమో, నా దిక్కు చూసి బొటనవేలు పైకెత్తి నవ్విండు. సంచిల గొర్రెను కుక్కినోన్ని మొక్కే జాతి. వాని నవ్వు నాకెందుకు?

ఇగ మల్లేశం సంగతి. వాడు మా సిరిసిల్ల దిక్కోడే. కురుమోడు. గొర్రెల నడుమనే పుట్టి పెరిగినోడు. చలికాలంల వచ్చిన ఓడ గొర్రెలకు నోట్ల పుండ్లు లేచినయి. దినాం కొన్ని చస్తున్నయి. డాక్టరు సూదులు వేసిండు, పాట పాడిండు, పోయిండు. మల్లేశం చూసి చూసి, ఇంటి కాడ చేసినట్టే ఇక్కడ చేసిండు. మా దిక్కు మందకు రోగం తగిలితే కురుమోళ్లు ఒక గొర్రెను మల్లన్న పేర విడుస్తరు. దాని నుదుటికి బండారి రాస్తరు, అంటే దేవుని పసుపు. మందల నుంచి పక్కకు తీసి పెడతరు. మొక్కు తీరే నాటి దాక దాని మీద ఎవ్వని చెయ్యీ పడొద్దు. మొక్కు తీరేనాడు దాన్ని కోస్తరు, దేవుడు తీసుకుంటడు.

"అరే, ఇవి అర్బాబు గొర్రెలు. నీ మంద కాదు," అన్న నేను.

"గొర్రెకు అర్బాబు ఎవరో తెల్వది బావా. రోగం తెలుస్తది," అన్నడు మల్లేశం.

ఆ గొర్రెను హౌజు ఎనక నీడకు కట్టిండు. హౌజు అంటే తోటకు నీళ్లు నింపే సిమెంటు తొట్టి. మనిషి మునిగేంత లోతు, లోపలి గోడలకంత పాచి. సూపర్‌వైజరు వచ్చి చూసిండు. మందల నుంచి తీసిన గొర్రె, నుదుట గుర్తు, చాటున కట్టేసి ఉన్నది. వాని బుర్రకు ఒక్కటే తట్టింది. "చోర్! అమ్ముకోనీకి గుర్తు పెట్టుకున్నవ్. పోలీసుకు పట్టిస్త," అని అందరి ముందట మల్లేశం గల్ల పట్టిండు.

తెల్లారి మల్లేశం హౌజుల తేలిండు.

గొర్రె మాత్రం గట్టు మీద నిలబడి ఉన్నది. తడిసి ముద్దయింది. దాని కడుపు కింద మల్లేశం తువ్వాల బిగించి ఉన్నది. నీళ్లల్ల పడ్డ గొర్రెను లేపాలంటే కడుపు కింద బట్ట వేసి లేపుతరు. దొంగ అయితే కాళ్లు కడతడు. కండ్లున్నోనికి కనిపించే సంగతే. సూపర్‌వైజరుకు కండ్లు లేవు. పోలీసు భయానికి దూకిండని తేల్చి పారేసిండు. మందను మళ్ల చూడనీకి వచ్చిన డాక్టరు టోపీ తీసి ఛాతి మీద పెట్టుకోని బాషా చెవుల ఏదో అన్నడు.

"ఏమంటున్నడు?" అన్న.

"అచ్చం మా పాట మాదిరే జరిగిందంటాండు," అన్నడు బాషా. వాని కండ్లు మెరిసినయి.

అంతే. ఆ దినం నుంచి బాషాకు ఒక కథ దొరికింది. సహంల ఏ రూముకు పోయినా అదే కథ. గొర్రె దొంగ మల్లేశం, పోలీసులకు చిక్కకుండ దూకిన మల్లేశం, హౌజు కాడ పాడే మల్లేశం దెయ్యం. ఫోన్ల కూడ మాట్లాడి పంపిండు. అది సముద్రం దాటి మా ఊరికి పోయింది.

రాములవ్వ ఫోన్ చేసింది. మల్లేశం పెండ్లాం.

"అన్నా, మల్లన్న గుడిల పట్నం ముగ్గు వేసే కాడ నన్ను, నా బిడ్డ శ్రీలతను బయట నిలవెట్టిండ్రు. దేవుని పేరు చెప్పి గొర్రెను ఎత్తుకపోయినోని ఆలట నేను. నువ్వు ఆడనే ఉన్నవు గద. నిజం చెప్పు. మా ఆయన దొంగనా?"

"కాదు."

"నువ్వంటే ఎవరింటరు? ఆ దొంగ అన్నోనితోనే కాదనిపియ్యి. అట్లయితేనే మేం లోపటికి పోతం."

ఎండకాలం వచ్చింది. ఎండకాలం ఇక్కడ పగటిపూట బయటి పని బంద్ ఉంటది. నడి పొద్దుకు తోటల పురుగు కూడ మెదలది. అందరు రూములల్ల ఏసీల కింద పండుతరు. నేను బాషాను హౌజు కాడికి పిలిచిన. మల్లేశం పోయిన జాగల నిలబెట్టి చెప్పిద్దామని.

ఎండ తెల్లగ ఉన్నది. ఖర్జూర ఆకు కదులుత లేదు. మోటరు బంద్. పాచి వాసన, నానిన గడ్డి వాసన, దాని మీద ఉన్ని ఎండే వాసన. కొట్టాలల్ల గొర్రెలు ఎగపోసుకుంట ఉన్నయి. ఆ చప్పుడు ఒక్కటే.

"ఇదిగో ఫోను. రాములవ్వకు కలుపుత. మల్లేశం దొంగ కాదని చెప్పు."

"చెప్తాలే పెద్దాయనా, నీదొక తొందర." బాషా హౌజు గోడ మీద ఎక్కి కూసున్నడు. "కానీ ఒకటి జెప్పు. దొంగ కాకుంటే ఈ కథ ఎవురింటారు? నీళ్లలో కాలు జారి పడినాడంటే ఎవురికి కావాల? ఆ దేశమోళ్లను చూసి నేర్చుకో. దొంగైనాడు కాబట్టే పాటైనాడు."

"వాని ఆలిని గుడి బయట నిలవెట్టిండ్రురా."

వాడు నన్ను ఉడికియ్యనీకి ఆ డాక్టరు పాటను గునగవట్టిండు. కాళ్లు ఊపుకుంట.

గొర్రెల ఎగపోత ఆగింది.

అన్నీ ఒక్కసారే.

"డ్ర్ర్ర్... హోయ్..."

నాలుకను అంగిట్ల ఆడించి మందను పిలిచే పిలుపు. మా దిక్కు కురుమల పిలుపు. దగ్గర నుంచే వచ్చింది. నీళ్లల్ల నుంచి వచ్చింది.

బాషా పాట ఆపిండు. "ఎవురు పెద్దాయనా?"

"ఊకో."

కొట్టం తడక పడ్డ చప్పుడు. గొర్రెలు బయటికొచ్చినయి. ఉరుకుత లేవు. అరుస్త లేవు. మంద నడుమ ఒక మనిషి పట్టేంత సందు ఉన్నది. ఆ సందు నడుస్తున్నది... మంద నడిచిన కొద్దీ సందు కూడ నడుస్తున్నది. హౌజు దాక వచ్చింది. ఆగింది.

ముందటి గొర్రె గోడ దుంకి నీళ్లల్ల పడ్డది.

కాళ్లు కొట్టుకున్నది. మునిగింది. బుడగలు వచ్చినయి... తగ్గినయి. నేను వంగి చెయ్యి పెట్టబోయిన. అప్పుడు గొర్రె లేచింది. ఈదుకుంట కాదు. నిట్టనిలువ లేచింది. కాళ్లు వేలాడుతున్నయి. కడుపు కింద ఉన్ని అడ్డంగ నొక్కుకపోయి ఉన్నది, ఎవరో బట్ట వేసి గుంజినట్టు. కానీ బట్ట లేదు. ఏమీ లేదు. నీళ్లు కారుకుంట కారుకుంట గట్టు మీదికి వచ్చి... మెల్లగ దిగింది.

బాషా లేచి నిలబడ్డడు. పాచి మీద కాలు పెట్టిండు.

పడ్డడు.

వానికి ఈత రాదు. నాకు రాదు. వాని చెయ్యి ఒక్కటి పైకొచ్చింది. మళ్ల అది కూడ రాలే. నేను మొత్తుకున్న. ఎవడింటడు, అందరు ఏసీల కింద...

నీళ్లు ఉబ్బినయి.

బాషా లేచిండు. గొర్రె లేచినట్టే. కాళ్లు చేతులు వేలాడుతున్నయి. అంగి నడుము కాడ లోపటికి నొక్కుకపోయి ఉన్నది. వాన్ని గట్టు మీదికి తేలేదు. నీళ్ల పైన అట్లనే పట్టుకోని ఉన్నది. వాని కండ్లు తెరిచే ఉన్నయి. వాని మొఖం ముందట ఏముందో వానికి కనిపిస్తున్నది. నాకు కనిపిస్తలేదు.

"మల్లేశం," అన్న నేను. "ఇడువురా... వాడు చెప్తడు. నేను చెప్పిస్త."

చానాసేపు... చానాసేపు పట్టుకోని ఉన్నది. అప్పుడు గట్టు మీద పెట్టింది.

బాషా దగ్గుకుంట నీళ్లు కక్కిండు. తలకాయ ఎత్తిండు. వాని నుదుటి మీద పచ్చగ, అడ్డంగ, మూడు వేళ్ల వెడల్పు పూత. తోటల ఎక్కడా పసుపు లేదు. మల్లేశం బండారి పెట్టుకునే తిత్తి వాని పెట్టెతోని ఎప్పుడో ఊరికి పోయింది.

"ఏమన్నడురా?"

"ఏమన్లేదు," అన్నడు మెల్లగ. "నుదురు తుడిచినాడు... గొర్రెకు తుడిచినట్ల."

కడిగిండు. సబ్బు పెట్టిండు. ఇసుక పెట్టి రుద్దిండు. తోలు లేచింది, రంగు లేవలే. ఆ వారంలనే పని ఇడిసి రాజధాని కాడున్న అల్ మవాలేకు పోయిండు. అక్కడ ఒక దుకాణానికి బండి నడుపుతున్నడట. రాములవ్వకు మాత్రం ఫోన్ చెయ్యలే. ఇప్పటికీ అదే దొంగ కథ చెప్తున్నడట. తాను పడ్డదీ, తన్ను లేపిందీ అంత మింగేసి. నవ్వేటోళ్లు నవ్వుతున్నరట. లేపిన చేతులనే దొంగ చేతులంటున్నడు. థూ!

నుదుట పూత పెట్టిన గొర్రె సంగతి బాషాకు తెల్వది. దాని మీద ఎవ్వని చెయ్యీ పడది సరే, ఎందాక పడది అన్నది వాడు అడగలే. నేను చెప్పలే.

అర్బాబు భయపడి హౌజును ఇసుకతోని నింపించిండు. మొన్న కొత్త ఓడ వచ్చింది. ఈ తోట మొఖం ఎన్నడూ చూడని గొర్రెలు. లారీ దిగంగనే తొట్లల్ల పోసిన నీళ్లను ఇడిసిపెట్టి సీదా ఆ ఇసుక కాడికి పోయినయి. చుట్టూ నిలబడి మూతులు కింద పెట్టినయి. గొంతులు ఆడుతున్నయి, తాగుతున్నట్టే. నేను పోయి చెయ్యి పెట్టి చూసిన. ఇసుక ఎండకు పెనం లెక్క కాలుతున్నది. గొర్రెలు తలలు ఎత్తినయి. అన్నిటి మూతుల నుంచి నీళ్లు కారుతున్నయి.

అల్ మవాలేల ఉన్నోళ్లు ఎవరన్న ఇది చదివితే ఒక్క పని చెయ్యుండ్రి. కడప బాషాను పట్టుకోండ్రి. ఆస్ట్రేలియా పాట వాళ్లకే ఉండనియ్యుండ్రి, వాళ్ల దొంగను వాళ్లు మొక్కుకుంటరు. మా మల్లేశం దొంగ కాదని, నీళ్లల్ల పడ్డ గొర్రెను లేపబోయి పోయిండని, వాని నోటితోనే రాములవ్వకు చెప్పించుండ్రి. జల్ది చెప్పించుండ్రి.