జామిలి భాషకు సంతాప తీర్మానం

నిగమ టీ తాగుతూ ఆ నెల సమాఖ్య వార్తలు సరిచూసుకుంటోంది. టీ తెచ్చినాయన "చక్కెర తక్కువేశానమ్మా" అని ఒడియాలో అన్నాడు. ఆమె తెలుగులో విన్నది. "పర్లేదు బాబూ" అని తెలుగులో అంది, ఆయన ఒడియాలో విన్నాడు. విశాఖలో దీన్ని వింత అనుకోవడం జనం ఏనాడో మానేశారు. పుట్టిన వారానికే చెవి వెనక ఎముకలో చెవితోడు పెడతారు. ఎదుటివాడి మాటను అది మన భాషలోకి మార్చి, వాడి గొంతుతోనే మనకు వినిపిస్తుంది. పనిలో పనిగా ఊరి రొదనంతా కోసి పారేస్తుంది. ఏది మాటో, ఏది రొదో దానికెలా తెలుసంటే, సమాఖ్య చెబితే తెలుస్తుంది.

తూర్పుకనుమల భాషావేత్తల సమాఖ్య వెలువరించే వార్తల్ని పూర్వం అందులో పేరు పడ్డవాళ్లు తప్ప మరొకరు చదివేవారు కారు. సదస్సు ఎప్పుడు, దారిఖర్చులు ఎవరిస్తారు, సన్మానం ఎవరికి, పోయినవారెవరు, ఇంతే సంగతులు. ఏ భాషలు బతికున్నాయో తేల్చే పని చెవితోడుల యంత్రాంగం సమాఖ్య నెత్తిన పెట్టాక ఆ వార్తలకు ఎక్కడలేని మహత్తు వచ్చిపడింది. ఒక భాషకు అందులో సంతాపం ప్రకటిస్తే, మరుక్షణం నుంచి యంత్రానికి అది భాష కాదు, రొద. మాట్లాడేవాళ్లే లేనప్పుడు కోసేస్తే నష్టమేమిటని పెద్దలు అన్నారు. భాషావేత్తలు కూడా భాషలు నేర్చుకోవడం మానేసి చాలా కాలమైంది కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ నెల వార్తల్లో సదస్సు తేదీలు, ఒక నిఘంటువు ఆవిష్కరణ, ఒక బహుమతి ప్రకటన, చివర, నెల ముందే నోటీసు ఇచ్చిన జామిలి భాష సంతాప తీర్మానం ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి అవి నిగమ గొంతుతో వెలువడతాయి. ఆమె చదవనక్కర్లేదు. ఆమె గొంతును యంత్రం ఎప్పుడో నేర్చేసుకుంది.

మధ్యాహ్నం భోజనాలవేళ ఒకతను గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల తలమీద కొంగు కప్పుకున్న ముసలామె. ఆమెకు చాలా దూరంగా, గోడవైపు తిరిగి, కర్ర పట్టుకున్న ముసలాయన.

"కార్యదర్శి గారంటే మీరేనాండి? నా పేరు జగ్గారావండి, పోర్టులో పని సేత్తాను. ఈవిడ మా యమ్మ, బుద్రి. ఆయన మా పెదనాన్న గాసి. కొండమీంచి మోసుకొచ్చినంత పనైనాది. ఇద్దరూ బతికే ఉన్నారండి. మీరు సచ్చిపోనాదని రాసేసినారంట."

"మనుషుల గురించి కాదండీ, భాష..."

"నాకు రెండూ ఒకటే గదండి. నాకు జామిలి రాదు. మా యమ్మకి తెలుగు ముక్క రాదు. సెవితోడుంది గదాని ఆవిడా నేర్సుకోలేదు, నేనూ నేర్సుకోలేదు. రేపు కడుపునొప్పంటే నాకెలా తెలుత్తాది?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. జామిలిని తీసేస్తే బుద్రికి కొడుకు మాట అర్థంలేని చప్పుడవుతుంది, కొడుక్కి బుద్రి మాట చప్పుడు కూడా కాదు. చెవితోడు తీయించుకుందామంటే ఎముకతో కలిసిపోయిన దానితోపాటు వినికిడి మొత్తం పోతుంది. బుద్రి తరంవాళ్లయితే పైకి తగిలించుకుంటారు. గాసికి అదీ లేదు, కొండమీద ఆయనకు మాట్లాడ్డానికి మనిషే లేడు.

ఆమె వాళ్లను అధ్యక్షులు సత్యకేతు గారి దగ్గరికి తీసుకెళ్లింది. సత్యకేతు మెత్తని మనిషి. కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"ఇద్దరున్నారంటే శుభవార్తే కదమ్మా. సాక్షి ముందు ఒకరితో ఒకరు మాట్లాడితే చాలు, తీర్మానం దానంతటదే రద్దవుతుంది. ముఖాముఖి మాత్రం తప్పదు. వెనకటికి గ్రాంట్ల కోసం పోయిన భాషల్లో నాలుగు వాక్యాలు బట్టీ పట్టించి తెచ్చేవారు. అందుకే పెట్టాం ఆ నియమం."

సాక్షి అంటే సమావేశ మందిరంలో గోడకున్న యంత్రం. ఎవరు ఎవరినుద్దేశించి మాట్లాడుతున్నారో చూపును, మొహాన్ని, మాటను బట్టి పసిగడుతుంది. బుద్రి లోపలికి వచ్చి, కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, స్తంభం వైపు తిరిగి నిలబడింది. గాసి తలుపు దగ్గర కూర్చుని తలుపునే చూస్తున్నాడు.

"స్తంభమా, కొండమీద వానలు పడ్డాయేమో అడుగు" అంది బుద్రి.

"తలుపూ, పడ్డాయని చెప్పు. చోడి చేను కొట్టుకుపోయిందని చెప్పు" అన్నాడు గాసి.

"మా ఇంటాయన పోయినప్పుడు ఆయన అన్నగారు ఎందుకు రాలేదో అడుగు."

గాసి కర్రను ఒళ్లోకి లాక్కున్నాడు. "దారి విరిగిపడిందని చెప్పు. కబురు విని అన్నం ముట్టలేదని చెప్పు. తమ్ముడి పేరు పెట్టి పిలవడానికి కొండమీద నాకు ఇంకెవరూ లేరని చెప్పు."

బుద్రి భుజాలు కదిలాయి. ఆమె ఏడుస్తోందని వెనకనుంచి చూసినా తెలుస్తోంది. తమ్ముడి భార్య, బావగారు నేరుగా మాట్లాడుకోకూడదని వాళ్లలో కట్టుబాటు. పెళ్లయిన నాటినుంచి ఆ ఇద్దరూ గోడలతోనూ, కుక్కలతోనూ చెప్పి ఒకరికొకరు చెప్పుకుంటూ బతికారు. ఆ మాటల్లో ఉన్నంత మర్యాద నిగమ తన జన్మలో వినలేదు. సాక్షి తన తీర్పు చెప్పింది. ఇద్దరు మనుషులు, రెండు స్వగతాలు. సంభాషణ లేదు.

"సార్, ఇంతకన్నా సంభాషణ ఎక్కడుంటుంది?" నిగమకు ఒళ్లు మండింది. "ఈ కట్టుబాట్ల మీదే కిందటి సదస్సులో ఒక పూటంతా పత్రాలు చదివాం. మీరే అధ్యక్షత వహించారు. ఉత్తమ పత్రానికి బహుమతి ఇచ్చాం, ఆ వార్త నేనే రాశాను."

"అవును, బాగా జరిగింది" అన్నాడు సత్యకేతు. "నియమాల సంఘం వేరు కదమ్మా. వాళ్లు ఆ పూట రాలేదు. సర్వసభ్య సమావేశంలో పెడదాం."

"అప్పటికి జామిలి యంత్రంలో ఉండదు. తిరిగి చేర్చాలంటే సాక్షికి వినపడాలి. రొద అని కోసేసినదాన్ని సాక్షి ఎలా వింటుంది?"

సత్యకేతు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బాధపడ్డాడు కూడా, పాపం. అయినా గడియారం వంక చూశాడు.

నిగమ బుద్రి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి ఆయన వైపు తిరిగి ఒక్క మాట అనమ్మా. నీ కొడుకు కోసం."

బుద్రి చెయ్యి విడిపించుకుంది. "వారి ఎదుట ముఖమెత్తి మాట్లాడితే, మరి నాకు మిగిలేదేమిటి తల్లీ?" చెవితోడు ఆ మాటల్ని పుస్తకాల తెలుగు చేసి వినిపించింది. అందులోని నొప్పిని మాత్రం ఏమీ చేయలేకపోయింది.

నాలుగు కొట్టింది. మందిరంలో నిగమ గొంతు మొదలైంది. సమాఖ్య సభ్యులందరికీ నమస్కారం, వార్షిక సదస్సు తేదీలు ఖరారైనాయి. నిగమ వార్తల యంత్రం దగ్గరికి పరుగెత్తింది. ఏ మీట నొక్కినా వార్తలు ఆగలేదు. తన గొంతు అంత చల్లగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. నిఘంటువు ఆవిష్కరణ అయిపోయింది. బహుమతి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటానే" అని జగ్గారావు నిజంగానే వంగాడు.

బుద్రి కొడుకు నెత్తిన చెయ్యి వేసింది. తర్వాత కొంగు తలమీంచి తీసేసింది. నెరిసిన జుట్టుతో, బోసి తలతో తలుపుదాకా నడిచి, బావగారికి ఎదురుగా నిలబడి, ఆయన కళ్లలోకి చూస్తూ నోరు తెరిచింది.

జామిలి భాష అస్తమయానికి సమాఖ్య ప్రగాఢ సంతాపం తెలియజేస్తోంది, అంది నిగమ గొంతు.

బుద్రి పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. మందిరంలో ఎవరికీ ఏమీ వినపడలేదు. విన్నవాడు గాసి ఒక్కడే. ఆయన మొహం చూస్తే ఆవిడ ఏదో చిన్న మాట అనలేదని తెలుస్తోంది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని, కర్ర కూడా తీసుకోకుండా, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. ఆమెను చూడలేని సిగ్గుతో వెళ్లిపోతున్నాడని, ఇక తిరిగి ఆమె ముందుకు రాడని నిగమకు తెలిసిపోయింది.

బుద్రి వెనక్కి తిరిగింది. చెమట తుడుచుకుని, నిగమను ఏదో అడిగింది. సరిపోయిందా అనే అడిగి ఉంటుంది. సాక్షి ఏమీ పలకలేదు. నిగమ ఏం చెయ్యాలో తోచక తల ఊపింది. ముసలామె మొహం విచ్చుకుంది.

"అమ్మా!" అన్నాడు జగ్గారావు.

బుద్రి ఆ శబ్దం ఎన్నడూ వినలేదు. కొడుకు పుట్టినప్పటినుంచి వాడి నోట ఆమె విన్నది జామిలి మాటే.

"అమ్మా, ఇనబడతందేటే? అమ్మా!"

ఎవరిని పిలుస్తున్నాడా అని బుద్రి వెనక్కి తిరిగి చూసింది.