బొమ్మ కిటికీ కింద మాట

చీకటి పడ్డాక ఆ గోడ కింద నోరు విప్పకూడదని మా వీధిలో కట్టడి. అక్కడి దెయ్యం ఎవర్నీ పట్టి పీడించదు... వింటుంది. విని ఊరంతా చెబుతుంది.

మా ఆవిడ చేపల పులుసు గురించి నేనూ ఒక రాత్రి అక్కడే ఒక్క మాట అన్నాను. తెల్లారి రొట్టె కొనుక్కుని ఇంటికెళ్లేసరికి ఆ మాట నాకంటే ముందే చేరిపోయింది. వారం రోజులు పులుసు లేదు.

ఇటలీలో జెనోవా నగరం దాటాక సముద్రం ఒడ్డున మాది చిన్న ఊరు. ప్రతి కిటికీకీ ఆకుపచ్చ చెక్క రెక్కలుంటాయి. ఎండ రాదు, గాలి వస్తుంది. కింది పలక కాస్త బయటికి ఎత్తితే వీధంతా కనబడుతుంది, మనం కనబడం. మనిషి ఇంతకన్నా సుఖమైన వస్తువు కనిపెట్టలేదని నా అభిప్రాయం. అందుకే కిటికీ కింద మావాళ్లెవరూ గుట్టు మాట్లాడుకోరు. కిటికీ లేని బోసి గోడ వెతుక్కుంటారు.

బోసి గోడేమో పరువు తక్కువ. దాని మీద కిటికీ బొమ్మ వేయిస్తాం. ఇందాక చెప్పిన గోడ బెనెడెట్టమ్మ ఇంటి పక్కగోడే. దాని మీద, పై అంతస్తులో ఉన్న బొమ్మ రంగులేసే ప్రోస్పెరో వేసిందే. రెక్కలు, వాటి నీడలు, చివరికి విరిగిన చెక్కబద్ద ఒకటి కూడా వేశాడు. దెయ్యం అంటే అతనికి ఒళ్లు మండేది. సున్నం మీద రంగు... అందులో దెయ్యం దూరడానికి చోటెక్కడిదని వాదించేవాడు.

అతనికి బెనెడెట్టమ్మ కూతురు ఇరిదె కావాలి. నాలుగేళ్లుగా తిరుగుతున్నాడు. ఆదివారం భోజనానికి రమ్మని, ఆ రోజే ఏ సంగతీ తేలుస్తానని ఆ తల్లి కబురు పెట్టింది.

గురువారం రాత్రి ప్రోస్పెరో, తాపీమేస్త్రీ జెపిన్ ఆ గోడ కింద ఆగారు. వీధిలో ఎవరూ లేరు. జెపిన్ పద పదమన్నాడు. ప్రోస్పెరో కదల్లేదు.

"పెళ్లయిన నెలకి ముసలమ్మని కొండ మీద ఆశ్రమంలో పడేస్తా. సముద్రం వైపు గది నాదే."

జెపిన్ దగ్గాడు. చొక్కా పట్టి లాగాడు. ఇతగాడు వదిలించుకుని, ఆవిడ గురకతో సహా ఇంకో పది మాటలు చెప్పాడు.

అప్పుడు... పైన కిర్రుమంది.

తలెత్తాడు. తాను మూసి ఉన్నట్టు వేసిన రెక్క — కింది పలక — మెల్లగా... మెల్లగా... బయటికి లేస్తోంది.

వేరొకరైతే ఎవరో కిటికీ తెరిచారనుకునేవారు. ప్రోస్పెరోకి తెలుసు, అక్కడ కిటికీ లేదు.

సందులోంచి గుసగుసగా ఒక గొంతు...

"ప్రోస్పెరో... ఆ ఆశ్రమంలో కిటికీలకి రెక్కలుంటాయా?"

అంతే, టోపీ వదిలేసి రేవు దాకా పరుగెత్తాడు. రెండు రోజులు జ్వరం.

ఆదివారం ఇరిదె ముఖం చూసి భోజనానికి వెళ్లాడు. బెనెడెట్టమ్మ అతని పళ్లెంలో అక్రోటు పచ్చడి వేస్తూ, పక్కగదిలోంచి ఎండ కొడుతోంది, కాస్త రెక్క వేసి రమ్మంది.

వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ గోడే. గోడకి కిటికీ. అదే ఆకుపచ్చ, అక్కడే విరిగిన బద్ద. దాని పక్కన మెత్తటి దిండు వేసిన కుర్చీ. వంగి చూస్తే కింద వీధి, మనుషులు... ఒక్కొక్క మాటా స్పష్టంగా.

వెనకనుంచి ఆవిడ వచ్చింది.

"బొమ్మ చాలా బాగా వేశావు నాయనా. గాలి ఒక్కటే రాలేదు. కిందటేడు నువ్వు పొరుగూరి పనిలో ఉన్నప్పుడు జెపిన్ చేత చిన్న మరమ్మతు చేయించాను."

ప్రోస్పెరో దగ్గరికెళ్లి ఆ విరిగిన బద్దని వేలితో తట్టి చూశాడు.

"నిజం కిటికీ కింద ఎవరు మాట్లాడతారు చెప్పు? పిల్లని చేసుకో. నేను మాత్రం ఈ గది వదలను. ఇక్కడ నాకు బాగా కాలక్షేపం."

పెళ్లయింది. అతను మంచివాడైపోయాడు, పాపం. పడగ్గదిలో గోడకి వేలాడే దేవుడి పటం ముందు కూడా గొంతు తగ్గించే మాట్లాడతాడు.

ఇదంతా నాకు జెపినే చెప్పాడు. అందుకే మిమ్మల్ని ఈ రేవు చివర దాకా నడిపించుకొచ్చి చెబుతున్నాను. మా ఇంటి వెనకగోడ బోసిగా ఉందని మా ఆవిడ పోరితే, పోయిన నెల ప్రోస్పెరో వచ్చి చక్కటి కిటికీ బొమ్మ వేసి వెళ్లాడు.

నిన్న జెపిన్ వచ్చి కొలతలు తీసుకున్నాడు.