బీర పూసే వేళ

అలివేలు నిద్ర లేచి జడ వేసుకుంటుంటే పక్కింటివాళ్ళు రాత్రి భోజనాలు చేస్తున్నారు, ఎదురింటి పిల్లలు బడి నుంచి తిరిగి వస్తున్నారు. ఇందులో వింతేమీ లేదు. రాజమహేంద్రవరం మీద వెలుగుపందిరి వేసినప్పటి నుంచి ఊరంతా ఇదే తీరు.

పందిరంటే కొబ్బరాకులది కాదు. ఊరి నెత్తిన, గోదావరి ఆవలి గట్టు దాకా పరిచిన సన్నటి పొర. పగలంతా ఎండను తాగి దాచుకుంటుంది, పైన సూర్యుడు అస్తమించాక తాగినదంతా కిందికి వదులుతుంది. ఊళ్ళో ఎప్పుడు చూసినా పొద్దున పదింటి వెలుగే. మరలు ఆగక్కర్లేదు, దుకాణాలు మూయక్కర్లేదు. జనాన్ని మాత్రం మూడు పూటలుగా విడదీశారు. ఒక పూటవాళ్ళు పని చేస్తుంటే రెండో పూటవాళ్ళు నిద్రపోతారు, మూడో పూటవాళ్ళు తీరిగ్గా తిరుగుతారు. ఎవరి వేళ ఎప్పుడో చెప్పడానికి మణికట్టుకు వేళాకంకణం ఉంటుంది. అది పంపే సన్నని తరంగాలకు ఒళ్ళు మారుమాట్లాడదు. కంకణం నిద్రపొమ్మంటే చేతిలో అన్నం ముద్ద ఉన్నా సరే, మనిషి నిద్రపోవాల్సిందే. ఆ నిద్రలో ఉన్నవాళ్ళు పిడుగు పడినా లేవరు.

మంచం మీద గవర్రాజు అలాంటి నిద్రలోనే ఉన్నాడు. అతను అలివేలు భర్త, నీటిమరల్లో ఫిట్టరు. అతనిది ఒక పూట, ఆమెది మరో పూట. ఆమె పనికి వెళ్ళే వేళకు అతను నిద్రలో ఉంటాడు. ఆమె తీరిక వేళ అతనికి పని వేళ. అతని తీరిక వేళ ఆమె నిద్రలో ఉంటుంది. పూటలు కలపమని పెట్టుకున్న అర్జీలన్నీ తిరిగొచ్చాయి. పూట ఉద్యోగాన్ని బట్టి తప్ప కాపురాన్ని బట్టి ఇవ్వరట. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద కాపురం చేస్తున్నారు. అతని కళ్ళు ఏ రంగువో ఆమెకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.

ఉన్న మాటలన్నీ వంటింటి గూట్లోని మాటపెట్టెలో సాగుతాయి. ఒకరు చెప్పి వెళ్తే రెండోవారు లేచాక వింటారు. నిన్న అందులో గవర్రాజు గొంతు వినిపించింది.

"అలివేలూ, నన్ను అంతర్వేది అవతల సముద్రంలో కట్టిన వేదిక మీదికి పంపుతామంటున్నారు. మూడేళ్ళు. ఇంట్లోవాళ్ళని రానివ్వరంట. ఎల్లమంటావో వద్దంటావో చెప్పు. ఆలోచించుకోమని ఓ పూట సెలవిచ్చేరు. రేపు నేను లేచాకా నీ తోటకే వచ్చేత్తాను."

వెళ్ళొద్దు అని పెట్టెలో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఎదురుగా నిలబడి, అతను వింటుండగా, అతని మొహంలో మొహం పెట్టి చెప్పాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

అతను తోటన్నది అలివేలు పనిచేసే సంధ్యాగృహాన్ని. పందిరి వేసిన కొత్తలో ఊళ్ళో సాయంత్రం పూసే మొక్కలన్నిటికీ దిక్కు తోచలేదు. కొన్ని వేళాపాళా లేకుండా పూశాయి, కొన్ని పూయడమే మానేశాయి. వాటి విత్తనం నిలపాలని నల్లటి గోడలతో ఈ పెద్ద గది కట్టారు. పైకప్పు కింద చీకటితెర ఉంటుంది. దాన్ని మెల్లగా లాగితే గదిలో పొద్దుగూకుతుంది. మొక్కలకు కంకణాలు లేవు కాబట్టి రోజూ తెర ఎప్పుడు పడితే అదే వాటి సాయంత్రం. చూడవచ్చేవాళ్ళ వీలును బట్టి ఆ వేళ నిర్ణయించారు.

కొన్నాళ్ళుగా అలివేలు ఆ తెరను రోజుకు కాస్త ఆలస్యంగా లాగుతూ వస్తోంది. తనను కొత్త కొలువుకు మార్చేలా ఉన్నారనీ, మార్చేముందు ఓ పూట సెలవిస్తారనీ గవర్రాజు ఎప్పుడో చెప్పాడు. ఆ సెలవు తన తీరిక వేళలోనే పడుతుందనే ఆశతో మొక్కలను మెల్లగా మెల్లగా అటు జరిపింది. ఈ సంగతి పైఅధికారి పేరిందేవి గారు పసిగట్టకపోలేదు.

"ఏమ్మా, సాయంత్రం జరుపుతున్నది మొక్కలకా, మొగుడికా?"

"రెండిటికీనండి," అంది అలివేలు, సిగ్గు దాచుకోకుండా.

"ఇవాళ గదిలోకి ఇంకెవర్నీ రానివ్వన్లే. కానివ్వు," అని ఆవిడ నవ్వుతూ వెళ్ళిపోయింది.

గవర్రాజు వచ్చేసరికి అలివేలు తెర తాడు పట్టుకుని నిలబడి ఉంది. అతను గుమ్మంలో ఆగిపోయాడు. ఇద్దరూ కొత్త పెళ్ళివాళ్ళలా బిక్కచచ్చి చూసుకున్నారు. అతని కళ్ళు తేనె రంగువి. ఆ సంగతి ఎలా మరిచిపోయిందో ఆమెకు అర్థం కాలేదు.

"సన్నబడ్డావేంటే?" అన్నాడు చివరికి.

"పడుకున్నప్పుడు రోజూ చూస్తూనే ఉంటారుగా."

"పడుకున్న మనిషికి లావూ సన్నం ఏం తెలుత్తాయి!"

ఆమె తెర లాగింది. వెలుగు పసుపై, ఎర్రనై, బూడిద రంగులోకి దిగింది. గవర్రాజు అలా పైకి చూస్తూ ఉండిపోయాడు. ఊళ్ళోవాళ్ళంతా ఈ గదిలో మొదట చేసేది అదే. తరువాత అతను మొదటి మడి దగ్గరికి వచ్చి పేరుపలక మీదికి వంగాడు. ఇప్పుడు బళ్ళలో శాస్త్రనామాలే నేర్పుతున్నారు, పలకల మీద ఉండేవీ అవే.

"మిరాబిలిస్ జలాపా," కూడబలుక్కుని చదివాడు. "ఇదెవరే బాబూ, దొరసానిలాగుంది?"

"చంద్రకాంత."

"ఓసి దీన్నా! మా పెరట్లో గచ్చు పగుళ్ళలో కూడా మొలిచేది."

ఆమె ముందు నడిచి ఒక్కొక్కటే చూపించింది. సెస్ట్రమ్ నాక్టర్నమ్ అన్నది రేరాణి, ఇంకా చీకటి ముదిరితే గానీ వాసన విప్పదు. మిల్లింగ్టోనియా హార్టెన్సిస్ అంటే ఆకాశమల్లి. నిక్టాంథిస్ ఆర్బోర్‌ట్రిస్టిస్ పారిజాతం, ఆ పేరులో రెండో మాటకు దుఃఖవృక్షమని అర్థం. పేర్లు చెబుతూనే ఉంది గానీ చెప్పాల్సిన మాట చెప్పలేదు. ప్రతి మొక్క దగ్గరా, ఇది అయ్యాక చెబుదాం అనుకుంది. అతనూ ప్రతి పేరుకూ బుద్ధిమంతుడిలా తల ఊపుతున్నాడు.

గోడవారన దడి మీద లఫ్ఫా అక్యూటాంగ్యులా పాకి ఉంది. బీరపాదు. మొగ్గలు కొన్ని అప్పుడే వదులవుతున్నాయి. చూస్తుండగానే ఒకటి విచ్చుకుంది. ఆ మసక వెలుగులో పచ్చగా మెరిసింది. దాని పక్కన ఇంకొకటి, ఆ పైన మరొకటి.

గవర్రాజు చటుక్కున గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

"ఇంటికెళ్ళాలనిపించిందే," అన్నాడు, తనకే వింతగా ఉన్నట్టు. "ముసురు రోజుల్లో పొద్దు తెలిసేది కాదుగా. మా అమ్మ బీరపాదు కేసి చూసేది. పూలు విచ్చితే ఎసరు పెట్టేది. మా నాన్న చేలో ఉండి కూడా గట్టు మీది పాదు చూసుకునే ఇంటికి బయల్దేరేవోడు. ఎసరు మరిగే వేళకి గుమ్మంలో ఉండేవోడు. ఇప్పుడు బీర పూసింది, అలివేలూ. నేను ఎక్కడికెళ్ళాలి?"

"మనింటికే పోదాం పదండి," అందామె. అనగానే గుర్తొచ్చింది. బయట పదింటి వెలుగు. ఈ పూట దాటితే తన కంకణం నిద్ర పిలుస్తుంది. రేపటి నుంచి ఎసరు పెట్టినా అతను తినే వేళకు తాను కట్టెలా పడి ఉంటుంది. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

"వెళ్ళొద్దండి," అంది. నిన్నటి నుంచి దాచుకున్న మాట ఏడుపుతో కలిసి బయటికొచ్చింది. "సముద్రం మీదికి వెళ్ళొద్దు. నిద్రలోనైనా సరే, నా పక్కన ఉండండి."

అతను ఆమె చెయ్యి పట్టుకుని దడి పక్కన కూర్చోబెట్టాడు. మెల్లగా మాట్లాడాడు.

"రోజూ తీరిక వేళ నీ పక్కన కూచుంటానే. పిలుత్తాను. పలకవు. నువ్వక్కడే ఉన్నావు కాబట్టి బెంగెట్టుకోడానికీ లేదు. ఎదురుగా ఉన్న మనిషి కోసం ఎట్టా బెంగెట్టుకోనూ? నాలో ఏదో ఎండిపోతంది. అక్కడ పందిరి లేదు. కంకణం కూడా తీసేత్తారంట. నిజంగా పొద్దుగూకుద్దంట. పొద్దుగూకితే నిన్ను తలుచుకుంటాను. ఇక్కడ నిన్ను తలుచుకోడానికి ఒక వేళంటూ లేదే."

పందిరి వేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. నిద్ర ఎంత కావాలో, తిండి ఎంత కావాలో, పనికి ఎందరు కావాలో అంతా ఆలోచించారు. ఇంట్లోనే ఉన్న మనిషి కోసం మనిషి ఇలా అలమటిస్తాడని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

అలివేలు బీరపూల కేసి చూసింది. అతను చెప్పింది అబద్ధమైతే ఎంత బాగుండును. రోజూ అతని నిద్రమొహం చూసి తాను కూడా ఇలాగే రాయిలా లేచి పనికి వస్తోంది. తనకూ ఎన్నడూ బెంగ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇవాళే వచ్చింది.

"వెళ్ళండి," అంది, అతని భుజానికి తల ఆనించి. "మనిషి అక్కడున్నా మనసు ఇక్కడ ఉంటే చాలు నాకు."

రేరాణి వాసన గదంతా కమ్మింది. మెలకువగా ఉన్న భర్త పక్కన అలివేలు కంకణం పిలిచేదాకా కూర్చుంది. పిలిచాక ఏమైందో ఆమెకు తెలియదు. అతనే ఇంటికి చేర్చి ఉంటాడు.

గవర్రాజు వెళ్ళిన మర్నాడు పేరిందేవి గారు తెర దగ్గరికి వచ్చింది.

"ఇక సాయంత్రాన్ని పాత వేళకి జరిపేద్దామా అమ్మా?"

"వద్దండి. అంతర్వేది అవతల సముద్రం మీద పొద్దు ఎప్పుడు గూకుతుందో కనుక్కుంటారా? ఆ వేళకి జరుపుదాం. నాకు అది పని వేళే."

"ఆ వేళకి చూడ్డానికి ఊళ్ళో ఎవరూ పెద్దగా రారే?"

"రాకపోతే పోనివ్వండి. ఆయనక్కడ చూస్తుంటారు."

మొక్కలు కొత్త వేళకు అలవాటుపడటానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ తరువాత ఒకనాడు తెర దిగి, గది మసకబారి, బీర మొగ్గలు వదులవుతుండగా అలివేలు చేతిలో పని వదిలేసి గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. అతను రాడని తెలుసు. అయినా చూసింది. ఆరేళ్ళ కాపురంలో పొద్దుగూకే వేళ ఆమె భర్త కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.