ఇరవై అడుగులు

మధ్యాహ్నం ఒంటిగంట. ఫిజియోథెరపీ హాల్లోంచి అందరూ భోజనాలకి వెళ్లిపోయారు. టైలర్ మాస్టారు ఒక్కరే కుర్చీలో కూర్చుని పళ్లు నూరుతున్నారు.

మెట్ల మీంచి పడి తలకి దెబ్బ తగిలి మూడు నెలలు. కళ్లు నిక్షేపంగా ఉన్నాయట, చూసే మెదడే పాడైందట. ఏదైతేనేం, చీకటి చీకటే! కనురెప్ప వేసేలోగా సూదిలో దారం ఎక్కించిన మనిషికి ఇప్పుడు ముద్ద నోటికి చేర్చుకోవడమే గగనమైపోయింది. సాయంత్రం డాక్టరు ముందు ఇరవై అడుగులు నడిస్తే ఇంటికి పంపుతారు. లేదంటే ఇంకో నెల ఇక్కడే. పొద్దుట గుడ్డెద్దు చేలో పడ్డట్టు నడిచి, ఎనిమిదో అడుగుకే బోర్లా పడ్డారు.

"నడుముకి బెల్టు అలాగే ఉంచండి బాబాయ్. నేనొచ్చి వెనక పట్టుకునేదాకా లేవొద్దు," అని ఫిజియో అమ్మాయి మరీ మరీ చెప్పి వెళ్లింది.

"లేవొద్దు, కదలొద్దు... నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" ఒళ్లు మండి లేచారు.

ఒకటి. రెండు. మూడో అడుగుకి ఒక పక్కకి ఒరిగారు. ఇక పడ్డట్టే అనుకున్నారు. అంతలో వెనక నుంచి ఎవరో బెల్టు గట్టిగా పట్టుకున్నారు.

"వచ్చావా తల్లీ? కోప్పడకు, ఆగలేకపోయాను."

అలిగిందేమోలే అనుకుని నడిచారు. పది... పదిహేను... ఇరవై! సంతోషానికి ఏడుపొచ్చింది.

అప్పుడు తెలిసింది.

వీపుకి ఆనిన ఆ వేళ్లు... ముప్పై ఏళ్లు కొలతలు తీసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? ఆ పిల్లది చిన్న చెయ్యి. ఇది నడుము ఈ చివర నుంచి ఆ చివరదాకా పరుచుకుంది. తడిగా ఉంది. బురద వాసన...

"ఎవరు?"

పట్టు బిగిసింది.

"బాబాయ్!" ఎదురుగా, గుమ్మం దగ్గర్నుంచి ఫిజియో అమ్మాయి కేక. "ఒక్కరే నడిచేశారే! ఎవరూ పట్టుకోకుండానే!"

మాస్టారు నోరు తెరిచారు. చెబితే? మెదడింకా కుదుటపడలేదంటారు. ఇంకో నెల అంటారు. అమ్మో, తన వల్ల కాదు.

"అవునమ్మా," అన్నారు. "ఒక్కణ్ణే."

సాయంత్రం డాక్టరు ముందు తడబడకుండా నడిచారు. బెల్టు విప్పి అక్కడే ఇచ్చేశారు. ఆయన్ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, భార్య ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. కొంతదూరం పోయాక వెనక్కి తిరిగింది.

"అదేంటండీ, అలా తలుపుకి అతుక్కుపోయారు? పక్కనంతా ఖాళీయేగా, కాస్త జరగండి."

"జరగలేనే..." ఆయన ముక్కు మూసుకున్నారు. "చోటు లేదు."